ఖాజా సార్ ముట్టని కీబోర్డు

కరెంటు పోయి వస్తే ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా మూలిగి తిరగడం మొదలుపెడతాయి. మొన్న మా ఆఫీసులో ఆ చప్పుడు వినగానే మహబూబ్‌నగర్ బస్టాండు ఎదుట మేడ మీదున్న కంప్యూటర్ సెంటరు, దాని యజమాని ఖాజా సార్ గుర్తొచ్చారు. తొంభైల చివర్లో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆయనే. తప్పెక్కడుందో తెలిసినా చెప్పేవారు కాదు, మహానుభావుడు! చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ప్రశ్నలడిగేవారు. నాకు ఒళ్లు మండేది.

హాల్‌టికెట్ నంబరు కొడితే మార్కులు చూపే వెబ్ అప్లికేషన్ ఒకటి ఓ కాలేజీ కోసం నేను రాశాను. అది నడిచే సర్వర్ మొదలైన ప్రతిసారీ పేజీలోని స్క్రిప్టును కంపైలర్‌కు ఇచ్చి, యంత్రానికి అర్థమయ్యేలా మార్పించుకోవాలి. ఆ కంపైలర్ ఎక్కడుందో సర్వర్‌కు ముందే చెప్పి ఉంచాలి. ఒకరోజు పొద్దున అంతా చక్కగా నడిచింది. ఇంతలో మా ఊరు కొల్లాపూర్ నుంచి బాపు, అంటే మా నాన్న, దిగాడు. ఆడపిల్ల ఒక్కతే పట్నంలో ఉండడం ఆయనకు మొదటినుంచీ ఇష్టం లేదు.

"నీ పని జూస్త బిడ్డా. మంచిగనిపిస్తె ఉండు, లేకుంటె ఇయ్యాల్నే ఇంటికి పోదం" అన్నాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. తిరిగి వచ్చాక నంబరు కొట్టాను. కంపైలర్ దొరకలేదంటూ తెర మీద ఇంత పొడుగు గోల.

"సార్, జర మీరే చూడుండ్రి" అన్నాను, కీబోర్డు ఆయన వైపు జరిపి.

సార్ కదల్లేదు. "ఫికర్ చేయకు బేటీ. పొద్దుగాల సర్వర్ ఎవరు షురూ చేసిండ్రు?"

"నేనే, నా లాగిన్ల కెళ్లి."

"మరి ఇప్పుడు?"

"కరెంటు రాంగనే అదే షురువైంది."

"కంపైలర్ జాగా దానికెవరు చెప్పిండ్రు?"

ఆ చోటు నా లాగిన్ సెట్టింగుల్లో మాత్రమే రాసుకున్నాను. తనంతట తాను లేచిన సర్వర్‌కు ఆ సంగతెలా తెలుస్తుంది? దాని సొంత సెట్టింగుల ఫైల్లో కంపైలర్ ఉన్న చోటు రాసి, మళ్లీ మొదలుపెట్టాను. మార్కులు వచ్చాయి. అమ్మయ్య! కుర్చీలో అలాగే వెనక్కి వాలిపోయాను.

సాయంత్రం బస్సెక్కుతూ బాపు అన్నాడు: "మీ సారు చెయ్యి గూడ వెట్టలే. అంత నువ్వే జేసినవ్. ఉండు బిడ్డా, పైలం."

ఒక్కడే వెళ్లాడు. సార్ జాలిపడి ఆ రోజు కీబోర్డు అందుకుని ఉంటే నేనూ ఆ బస్సులోనే ఉండేదాన్ని. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు "మేడమ్, మీరే చేసిపెట్టండి" అని బతిమాలుతారు. జవాబు తెలిసినా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ప్రశ్నలే అడుగుతాను. లోపల తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకోనీ. ఇంటికి తీసుకుపోదామని వచ్చే బాపులు వాళ్లకూ ఉంటారు.