రాజుగారి డప్పులు, మా ఇంటి పొయ్యి

నిన్న శుక్రవారం మధ్యాహ్నం సౌదీలో, తబూక్‌లోని నా గదిలో ఉల్లిగడ్డలు కోసుకుంటూ, టీవీని దాని మానాన వాగనిచ్చాను. రాజుగారి సంబరాల కచేరీ ముందురోజు రియాద్‌లో జరిగిందట, మళ్లీ వేస్తున్నారు. నల్ల కోట్లు తొడుక్కున్న వాద్యగాళ్లు వరుసలు వరుసలుగా కూర్చుని వాయిస్తున్నారు, ఆడపిల్లలు ఫిడేళ్లు పట్టుకుని ముందు వరుసలోనే ఉన్నారు. నేను వచ్చిన కొత్తలో ఇక్కడి టీవీలో ఇలాంటిది వస్తుందని ఎవడైనా అంటే, పాపం ఎండదెబ్బ తగిలిందనుకునేవాళ్లం. పాటంటేనే ఇక్కడ తప్పుగా చూసిన ఆ రోజుల్లో పాటల క్యాసెట్లు దిండు గలీబులో దాచుకుని విన్న నా ఈడువాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అయినా ఆ ఫిడేళ్లకు నేను తలెత్తలేదు. వాళ్లంతా లేచి వెళ్లాక పాత పద్ధతి డప్పులవాళ్లు వచ్చారు. కెమెరా ముందుగా ఒక నిప్పుల కుంపటిని చూపించింది. దాని చుట్టూ నలుగురు గొంతుక్కూర్చుని, డప్పుల తోలును సెగకు అటూ ఇటూ తిప్పుతున్నారు. కత్తి పక్కన పెట్టేశాను.

సెగ చూపనిదే తోలు పలకదని నాకు ఇంకొకరు నేర్పాలా? మా నాయిన పనే అది. ఊళ్లో చావైనా, జాతరైనా, చాటింపైనా ఆయన డప్పు మోగాలి, మోగినంతసేపూ ఆయన మాత్రం గడప అవతలే ఉండాలి. వరిగడ్డి మంట వేసి డప్పు కాచుకునేది కూడా వాకిలి బయటే. నేను పక్కన కూర్చుని గడ్డి ఎగదోసేవాణ్ని. అందుకే తోలును వేలితో ఒకసారి తడితే చాలు, కాగిందో ఇంకా కాగాలో ఈనాటికీ చెప్పగలను. ఆ విద్య తనతోనే పోవాలని నాయిన నన్ను రేకుల పనిలో పెట్టాడు. ఏసీ గాలి వెళ్లే డక్టులకు రేకు కోసి, వంచి, రివెట్లు కొట్టే పని. మీసాలు సరిగా రాని వయసులో ఆ పని మీదే తబూక్ వచ్చాను.

కంపెనీ మా ఏడుగురికీ ఒక పాత ఇల్లు ఇచ్చింది, రెండు గదులు, ఒక హాలు, వంటింట్లో ఒక గ్యాసు పొయ్యి. ఆరుగురం జగిత్యాల వైపువాళ్లం, ఏడోవాడు హైదరాబాదు నుంచి వచ్చిన డ్రైవరు, అతన్ని అందరం భాయి అనేవాళ్లం. మా మేస్త్రి మా పక్క ఊరి పెద్దింటి మనిషి కనుక, అక్కడ పిలిచినట్టే ఇక్కడా ఆయన్ను పటేలా అని పిలిచేవాణ్ని. వంట రోజుకొకరు చొప్పున వంతుల మీద నడిచేది. ఆ వంతుల కాగితం మేస్త్రే రాసి వంటింటి గోడకు అంటించాడు. శనివారం నుంచి గురువారం దాకా ఆరు పేర్లున్నాయి, శుక్రవారం ఎదుట ఖాళీ. ఆ ఖాళీ నాది. నా చేత వండించడం ఇష్టంలేక శుక్రవారం హోటలు నుంచి తెప్పించేవారు, నాకు ఏడు రోజులూ గిన్నెలు తోమే పని ఇచ్చారు. నేను తోమిన పళ్లెంలో తింటారు, నేను వండిన అన్నం మాత్రం తినరు. ఇదేం మడో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. మూడేళ్లు నోరు మూసుకుని తోమాను, ఆ మూడేళ్లకు నా మీద నాకే కోపం.

ఆ మధ్యలో ఒక బక్రీదు మరునాడు భాయి తనకు తెలిసిన కసాయి దగ్గర నాకొక మేకతోలు ఇప్పించాడు. మిగిలిపోయిన డక్టు రేకును గుండ్రంగా వంచి, అంచు మడిచి, రివెట్లు కొట్టి చట్రం చేశాను. తోలును సున్నపునీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగించి మిద్దె మీద ఆరబెట్టాను. ఎందుకు చేశావంటే చెప్పలేను, చేతులు ఊరుకోలేదు. దుప్పట్లో చుట్టి మంచం కింద పెట్టాను గానీ ఒక్కసారి కూడా కొట్టలేదు.

అంతలో చలికాలం వచ్చింది. తబూక్ చలి సంగతి ఎడారి అంటే ఎండేననుకునేవాళ్లకు తెలియదు, పొద్దున బకెట్లో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. రాజుగారి సంబరమేదో శుక్రవారం నాడే పడింది, టీవీలో చూపిస్తున్నారు. మేస్త్రి కుర్చీలో, మిగతావాళ్లు చాప మీద, నేను వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్నాం. అప్పట్లో ఫిడేళ్లూ ఆడపిల్లలూ లేరు, మగవాళ్లే బృందంగా పాడారు, ఎవరో కవిత్వం చదివారు, ఆ తర్వాత ఇవే డప్పులు, ఇదే కుంపటి. మేస్త్రి నా వైపు తిరిగి, “సూసినవురా, మీ నాయినసొంటోళ్లు ఈడ గూడ ఉన్నరు” అన్నాడు. చాప మీద ఇద్దరు పగలబడి నవ్వారు.

భాయి నవ్వలేదు. “మంచిగ సూడు మేస్త్రీ, ఆ దెబ్బ ఆగితే రాజుగారి కాలు గూడ ఆగుతది” అన్నాడు.

నేనూ చూశాను. జరీ అంచు బట్టలు కట్టుకున్న డప్పులవాళ్లు ఆ దర్బారు నడుమ నిలబడి ఉన్నారు, రాజుగారు భుజాన కత్తి పెట్టుకుని వాళ్ల దెబ్బకు అడుగు వేస్తున్నారు. వాళ్లను గడప అవతల ఎవరూ నిలబెట్టలేదు. నాకు మా నాయిన కళ్లముందు మెదిలాడు, వాకిలి బయట గడ్డిమంట పొగకు కళ్లు తుడుచుకుంటూ. లేచి వెళ్లి మంచం కింది మూట విప్పాను. చలికి తోలు మెత్తబడిపోయింది. వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించి, ఆ మంట మీద డప్పు తిప్పసాగాను.

“ఏయ్, పొయ్యి ముట్టకురా!” అని మేస్త్రి అరిచాడు.

తోలును వేలితో తట్టాను, ఖంగుమంది. హాలు నడుమకు వచ్చి నాయిన కొట్టే దెబ్బ కొట్టాను. బయటివాళ్లకు అనుమానం రాకుండా భాయి గబుక్కున లేచి టీవీ మోత పెంచాడు. దెబ్బ ఒక్కటీ తప్పలేదు. ఆపాక మేస్త్రి ముందు నిలబడ్డాను. “అన్నా, పొయ్యి ఎట్లనో ముట్టిన. ఇగ శుక్రవారం వంతు నాది. తినేటోళ్లు తినుండ్రి, తిననోళ్లకు హోటల్ ఉండనే ఉన్నది” అన్నాను. పొయ్యి సంగతేమో గానీ, పటేలా పోయి అన్నా వచ్చేసరికి ఆయన ముఖం మాడిపోయింది. గోడ మీది కాగితంలో శుక్రవారం ఎదుట నా పేరు నేనే రాసుకున్నాను.

ఆ రోజు బగారన్నం, మటన్ కూర వండాను. భాయి అందరికన్నా ముందు చెయ్యి కడుక్కున్నాడు, ఇంకో ఇద్దరు తలవంచుకుని వచ్చి కూర్చున్నారు. నవ్విన ఇద్దరూ మేస్త్రి వెంట హోటలుకు పోయారు గానీ, మూడో శుక్రవారానికి కూర వాసన వాళ్లను కూర్చోబెట్టింది. మేస్త్రి మాత్రం రాలేదు. పైగా ఎండలు ముదిరాక నన్ను నిచ్చెన పనులకు వేశాడు, ఎండాకాలంలో వెళ్లాల్సిన నా సెలవు కాగితాన్ని మరుసటి చలికాలం దాకా తొక్కిపెట్టాడు. నేను శుక్రవారం వదల్లేదు. ప్రతి వారం ఏడు పళ్లేలు పెట్టేవాణ్ని, ఏడోది మేస్త్రిది, పొద్దుగూకేదాకా చూసి భాయి దాన్ని ఖాళీ చేసేవాడు. ఇక తిరిగి రానని ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఊరికి వెళ్లిపోయేదాకా ఆ పెద్దమనిషి ఒక్క మెతుకు ముట్టలేదు.

పోయిన సెలవుకు వెళ్లినప్పుడు మా బస్టాండు దగ్గరి చాయ హోటల్లో కనిపించాడు. ఒకప్పుడు మా నాయిన గ్లాసు విడిగా చూరుకు వేలాడిన హోటలే అది, ఇప్పుడు అందరికీ కాగితపు కప్పులే. బాగా ముసలివాడయ్యాడు. “ఇంకా శుక్రవారం నువ్వే వండుతున్నవారా?” అని అడిగాడు. వండుతున్నానన్నాను. “ఆ కూర వాసన నా గదిలకు వచ్చేది” అన్నాడు, నా వైపు చూడకుండా. జాలేసింది, కాదనను. జాలి వేసినంత మాత్రాన మూడేళ్ల గిన్నెలు మరిచిపోతానా?

“పళ్లెం పెట్టే ఉంచిన గద అన్నా” అన్నాను.

మా ఊళ్లో డప్పులకు ఇప్పుడు తోలుకు బదులు ఫైబరు వేస్తున్నారు, కాచే పనే లేదు. భాయి హైదరాబాదు చేరి మనవలను ఆడిస్తున్నాడు. ఇక్కడ తబూక్ ఇంట్లో నాతో ఉండే కొత్తవాళ్లు బంగారంలాంటివాళ్లే, ఎవరు వండినా తింటారు, కానీ ఎవరికి వారు గది తలుపు వేసుకుని ఫోనులో పార్సిలు చెప్పుకుంటారు. వంటింటి గోడ మీద కాగితం లేదు. ఏ వంతు కోసం నేను సెలవు పోగొట్టుకున్నానో ఆ వంతు అనేదే లేకుండా పోయింది, ఇది గెలుపో కాదో తేల్చుకునే ఓపిక కూడా లేదు. నిన్న టీవీలో డప్పులవాళ్లు కుంపటిని పక్కకు జరిపి తొలి దెబ్బ వేయగానే మోత పెంచి, లేచి పొయ్యి వెలిగించాను. వచ్చేది ఇద్దరో ముగ్గురో అని తెలుసు. అయినా ఏడు పళ్లేలు కడిగి పెట్టి, ఏడుగురికి సరిపడా ఎసరు పెట్టాను.