మునీంద్ర మాస్టారు మళ్ళీ పడ్డారు

మునీంద్ర మాస్టారు పడిపోయేవారు.

అది జబ్బు కాదు. మందు అలవాటు కూడా లేదు. నిలబడి మాట్లాడుతున్న మనిషి, మాట మధ్యలో, నేల మీద కనిపించేవారు. కాసేపటికి లేచి, ఆపిన మాట దగ్గర్నుంచే మళ్ళీ మొదలుపెట్టేవారు. ఎందుకు పడ్డారని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

"నేల పిలిచిందప్పా."

ఆయన ఉద్యోగమూ అదే. తొంభైల చివర్లో, బెంగళూరు బయట, మాకు పడటం నేర్పేవారు.

మా నాట్యబడి జిగణిలో గ్రానైటు కోసే ఫ్యాక్టరీ పక్కన ఒక రేకుల షెడ్డు. రంపాలు పొద్దున్నే మొదలయ్యేవి. వాటిని ఆపించే దారి లేక, మా డైరెక్టరు రాధిక మేడం వాటిని సంగీతం అన్నారు. కరెంటు పోతే రంపాలు ఆగేవి. దాన్ని మౌనం అన్నారు. రెండింటికీ మేం నాట్యం చేశాం.

మేం నేర్చుకున్నది సమకాలీన నాట్యం. అందులో మొదటి ఏడాదంతా నడవటం నేర్పుతారు. మా నాన్న ఈ సంగతి విని, అది మేం ఇంట్లోనే నేర్పించాం కదా అన్నాడు. వెన్నెముకతో వినమనేవారు. మోకాలితో ఆలోచించమనేవారు. పదేళ్ళు భరతనాట్యం నేర్చి వచ్చిన అమ్మాయిలను, నేర్చుకున్నదంతా మరిచిపొమ్మన్నారు. వాళ్ళు ఏడుస్తూ మరిచిపోయారు. ఇంజనీరింగు మధ్యలో వదిలేసి వచ్చిన నాగేంద్రకు మరవడానికేమీ లేదు. అందుకని బడిలో వాడే ఉత్తమ విద్యార్థి.

మాస్టారిది ముళబాగిలు వైపు పల్లె. వీధినాటకాల్లో దుర్యోధనుడు. తెల్లవారే వేళకు తొడ విరిగి పడటం ఆయన వంతు. ఒక జాతరలో ఆయన పడటం రాధిక మేడం చూశారట. వెన్నెముక మీద అంత అదుపు ఏ గురువు దగ్గర సాధించారని ఇంగ్లీషులో అడిగారట. పక్కనున్నవాళ్ళు తెలుగులో చెప్పాక, భీముడి దగ్గర అన్నారట మాస్టారు. మేడం ఆ పేరు రాసుకున్నారు.

క్లాసులో పడితే పాఠం. బయట పడితే మాకు తలవంపులు. బస్టాపులో పడేవారు. బ్యాంకులో, వరసలో నిలబడి పడేవారు. ఒకసారి పెళ్ళిభోజనాల బంతిలో పాయసం గిన్నె దగ్గర పడ్డారు. వడ్డించే కుర్రాడు అప్పుడే సాంబారు బక్కెట్టు ఒలకబోసి తిట్లు తింటున్నాడు. మాస్టారు పడేసరికి తిట్లన్నీ ఈయన వైపు తిరిగాయి.

మడివాళ మార్కెట్టు సంగతి ఇంకా అన్యాయం. మా గదులు అక్కడే ఉండేవి. ఒక ఆదివారం కూరగాయలకు పోతూ, రానంటున్నా వినకుండా ఆయన్ని కూడా తీసుకుపోయాం. క్యాబేజీ ఆకుల మీద ఎవరో ముసలామె కాలు జారి కూలబడింది. నలుగురు నవ్వారు. మేం ఆమెను లేపడానికి వంగామో లేదో, వెనక పెద్ద చప్పుడు. తిరిగి చూస్తే మాస్టారు ఆవులప్ప అంగడిలో, వంకాయల కుప్ప మీద వెల్లకిలా ఉన్నారు.

ఆవులప్ప తెలుగులో మొదలుపెట్టి, చాలక కన్నడలోకి పోయి, మళ్ళీ తెలుగుకు వచ్చాడు. మార్కెట్టంతా మూగింది. ముసలామె తనంతట తానే లేచి, కొంగు దులుపుకొని, గుంపులో నిలబడి అందరితో పాటు నవ్వింది. నలిగిన వంకాయలన్నీ మేమే కొనాల్సి వచ్చింది. ఆ వారమంతా మా గదిలో వేరే కూర లేదు. ఈయన్ని బయటికి తీసుకుపోకూడదని తీర్మానించుకున్నాం.

తీసుకుపోకపోయినా జనం వచ్చేవారు. కళలకు సాయం చేసే సంస్థ నుంచి ఒకసారి ఒక అధికారి వచ్చాడు. బూట్లు నున్నగా ఉన్నాయి. మా వరండా అంతకన్నా నున్నగా ఉంది, దాని మీద గ్రానైటు పొడి. ఆయన గుమ్మం దగ్గరే జారి, ఫైలు గాల్లోకి వదిలి, కూర్చుండిపోయాడు. వెంటనే ఆయన పక్కన మాస్టారు పడ్డారు.

రాధిక మేడం ఒక్క క్షణం కళ్ళు మూసుకొని తెరిచి, ఇది మా సంప్రదాయ స్వాగతమండీ, అన్నారు. అధికారి ముఖం తేటపడింది. ఇంకోసారి చేయవచ్చా అని అడిగాడు. రెండోసారి బాగా పడ్డాడు. ఈ బడి వినయంతో మొదలవుతుందని నివేదికలో రాశాడు. ఆ తర్వాత వచ్చిన అతిథులందరికీ అదే స్వాగతం. ఒక మంత్రిగారి పీఏ మాత్రం కుర్చీ అడిగాడు.

సహన మా కన్నా ఒక ఏడాది వెనక చేరింది. హొసకోటె పిల్ల. వాళ్ళ నాన్న చిక్కమునియప్పకు పాత మద్రాసు రోడ్డులో టైర్ల షాపు. అరిగిన టైర్లకు కొత్త పట్టా వేసేవాడు. మాట తక్కువ. మర్యాద ముఖ్యం. బి.కాం. చదివిన కూతురు రేకుల షెడ్డులో నడక నేర్చుకుంటోందని ఊళ్ళో ఆయన ఎవరికీ చెప్పలేదు. కంప్యూటరు కోర్సు అని చెప్పాడు.

వార్షిక ప్రదర్శనకు వస్తానని కబురు పెట్టాడు. వచ్చాడు. భార్య అక్కయమ్మను తీసుకొని, షాపు వ్యానులో. ముందు సహన గదికి పోయి ఆమె పెట్టె సర్దించి వ్యానులో పెట్టించాడు. తర్వాతే హాలుకు వచ్చాడు. సహనతో ఆయన అన్న మాట మేమందరం విన్నాం.

"నలుగురిలో నవ్వులపాలు కాకుంటే ఉండు. నవ్వులపాలైతే, ఆట కాంగానే బండెక్కు."

సహన తల ఊపింది. ఆ పిల్లకు నాట్యం తప్ప ఇంకేమీ అక్కర్లేదు. వచ్చి ఏడాది కాలేదు, అప్పటికే మాలో ఎవరికీ రాని గంతు ఆమెకు వచ్చింది.

ఆ ఏటి నాట్యం పేరు 'శూన్యం'. గంటసేపు మేమంతా మెల్లగా నడుస్తాం. ఒకరినొకరు చూసుకోం. చివర్లో ఒకే ఒక గంతు. అది సహనది. మాస్టారికి ఇందులో వేషం లేదు. పడతారని భయపడి రాధిక మేడం ఆయన్ని తెర లాగే పనిలో పెట్టారు.

మేకప్పు గదిలోకి అక్కయమ్మ వచ్చింది. కూతురి మడమలు చూసింది. నెలల తరబడి నేలతో రాసుకున్న మడమలు అవి, పగిలి ఉన్నాయి. ఆమె సంచిలోంచి ఆముదం సీసా తీసింది. వట్టికాళ్ళతో ఆడేవాళ్ళ అరికాలికి ఆ పూట నూనె తగలకూడదని ఆమెకు తెలియదు. సహనకు తెలుసు. కానీ అమ్మ పాదాలు ఒళ్ళో పెట్టుకొని రాస్తుంటే వద్దనలేకపోయింది. తర్వాత గుడ్డతో తుడుచుకుంది. ఆముదం అంత తొందరగా పోయేది కాదు.

మేం నడిచాం. హాల్లో చాలామంది గౌరవంగా నిద్రపోయారు. చివరికి సహన పరుగెత్తుకొచ్చి ఎగిరింది. బాగా ఎగిరింది. దిగినప్పుడు కాళ్ళు రెండూ చెరో దారి పోయాయి. పిరుదుల మీద కూలబడింది. ఆ చప్పుడుకు నిద్రపోయినవాళ్ళు లేచారు.

ముందు వరసలో ఒకరు కిసుక్కుమన్నారు. చిక్కమునియప్ప పక్కనే. ఇంకొకరు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నవ్వు రెండో వరసకు పోబోతోంది.

అప్పుడు మునీంద్ర మాస్టారు తెర తాడు వదిలేసి, చొక్కా లుంగీతో, కాళ్ళకు చెప్పులతో, వేదిక నడుమకు నడిచి వచ్చి పడ్డారు. చెట్టు పడ్డట్టు పడ్డారు.

నాగేంద్ర పడ్డాడు. నేను పడ్డాను. ఎవరూ చెప్పలేదు, ఆయన పడితే పడటం మాకు అలవాటు. వేదిక మీద నిలబడినవాళ్ళు మిగల్లేదు. హాల్లో నవ్వు ఆగిపోయింది.

ఎవరూ లేవలేదు. నా చెంప నేలకు ఆని ఉంది. ఎదురుగా మాస్టారి ముఖం. ఆయన నన్ను చూడటం లేదు. సహనతో గుసగుసగా అంటున్నారు.

"నువ్వు లేస్తేనే పాపా మేము లేసేది. తొందర లేదు. నిదానంగా లెయ్."

మడివాళలో ఆయన కన్నా ముందు ఎవరు పడ్డారో నాకప్పుడు గుర్తొచ్చింది.

సహన లేచింది. ముందు ఒక చెయ్యి, తర్వాత తల. ఆమె నిలబడ్డాక ఆమె వెనక మేమంతా లేచాం. చప్పట్లు చాలాసేపు మోగాయి.

మా బడిలో ప్రదర్శన అయ్యాక చర్చ ఉంటుంది. అర్థం కానివాళ్ళు ప్రశ్నలడుగుతారు. అర్థం చెప్పలేనివాళ్ళు జవాబులిస్తారు. ఖాదీ కుర్తా వేసుకున్న ఒకాయన, ఆ సామూహిక పతనం ప్రపంచీకరణ మీద విమర్శేనా అని అడిగాడు. ఆ పతనాన్ని తానూ మొదటిసారి చూసిన రాధిక మేడం, అది మీరే తేల్చుకోవాలి అన్నారు. చెప్పులు దేనికి గుర్తు అని ఒకావిడ అడిగింది. ప్రయాణానికి, అన్నారు మేడం.

చిక్కమునియప్ప లేచి నిలబడ్డాడు. సహన నేల చూసింది.

"నాకు పెద్ద మాటలు తెలీవు మేడం. అందరూ పడినారు. లేసేటప్పుడు మా పాప ముందర లేసింది. ఎందుకట్ల?"

మేడం నోరు తెరిచేలోపు మాస్టారు జవాబిచ్చారు. "ఆటకు పెద్ద ఆ పాపే అన్నా. ఆమె లేయకుండా మేము లేసేదానికి లేదు."

చిక్కమునియప్ప భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. ఇందాక నవ్విన మనిషి వైపు ఒకసారి తిరిగి చూసి, కూర్చున్నాడు.

అక్కయమ్మను మాత్రం ఎవరూ మాయ చేయలేకపోయారు. వేదిక వెనక మాస్టారిని పట్టుకుంది.

"తప్పు నాది సామీ. ఆముదం రాస్తిని."

"ఏం ఆముదమమ్మా? పాప పడేది ఆటలోనే ఉండాది."

"నువ్వు చెప్పులేసుకొని వచ్చేది కూడా ఆటలో ఉండాదా?"

మునీంద్ర మాస్టారు వంగి తన చెప్పులు చూసుకున్నారు. పడటానికి కూడా తోచలేదు ఆయనకు.

బయట వ్యాను దగ్గర చిక్కమునియప్ప వెనక తలుపు తీశాడు. లోపల టైర్లున్నాయి, వాటి మీద సహన పెట్టె. ఆ పెట్టెను దించి కూతురి కాళ్ళ దగ్గర పెట్టాడు.

"బండిలో జాగా లేదు పాపా."

జాగా ఉంది. మేమందరం చూశాం. సహన పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది.

అక్కయమ్మ కళ్ళు తుడుచుకుంటూ వ్యాను ఎక్కబోయింది. కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడి, పట్టుచీరతో రోడ్డు మీద కూర్చుండిపోయింది. హాల్లోంచి జనం వస్తున్నారు. కొందరు చూశారు. ఒకరిద్దరి మూతులు నవ్వుకు సిద్ధమయ్యాయి.

మాస్టారు కదిలారు. కానీ ఆయన ఈసారి ఆలస్యం.

చిక్కమునియప్ప అటూ ఇటూ చూశాడు. తువ్వాలు తీసి వ్యాను తలుపుకు వేశాడు. ఇస్త్రీ పంచె రెండు చేతులా పైకి పట్టుకొని, మర్యాదస్థుడు ఎంత మర్యాదగా పడగలడో అంత మర్యాదగా, భార్య పక్కన దబ్బున పడ్డాడు.

మునీంద్ర మాస్టారు తల అడ్డంగా ఊపి, దగ్గరికి పోయి, వంగి చెప్పారు.

"ముందర మోకాళ్ళు వంచాల అన్నా."