తుడిచినా పోని గీత

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, దసరా ఉదయం. కోట ఊరు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే మా తాత్కాలిక హెలిప్యాడ్‌లో గాలి స్తంభించింది. సరుగుడు తోపులో సడి లేదు. అలల హోరు నేల కింద నుంచి వస్తున్నట్టుంది. తీర రక్షణ దళంలో హెలికాప్టర్ టెక్నీషియన్‌గా ఎన్నో ఏళ్ళు పనిచేశాను. అలాంటి ఉదయం మరొకటి చూడలేదు.

ఆయుధపూజ చేసి, నా తోటి టెక్నీషియన్ రమణయ్య హెలికాప్టర్‌కు కుంకుమ బొట్లు పెట్టాడు. అంతలో కబురు వచ్చింది. ఇంజన్ చెడిన పడవలో ముగ్గురు జాలర్లు కొట్టుకుపోతున్నారు. వారిలో ఒకరి భార్య పోలమ్మ అప్పటికే మా గేటు పట్టుకుని నిలబడింది.

ఎగిరే ముందు చేసే తనిఖీ ప్రీఫ్లైట్. అందులో గేర్‌బాక్స్ మీది బొట్టు తుడిచాను. రెక్కలను తిప్పే పెట్టె అది. బొట్టు పోయింది, వెంట్రుకంత ఎర్రగీత మిగిలింది. మళ్ళీ తుడిచాను. చూస్తుండగానే తేలింది, తడిగా, ఇంకా ఎర్రగా.

"అమ్మవారు వద్దంటా ఉందిరా," అన్నాడు రమణయ్య చేతులు జోడించి.

పైలట్‌ది నాయుడుపేట. నవ్వాడు. "అమ్మవారికి టెక్నీషియన్ సర్టిఫికెట్ ఎవురిచ్చినారయ్యా? కానీండి, టైమ్ లేదు."

జిడ్డును కరిగించే సాల్వెంట్‌తో కడిగి డెవలపర్ చల్లాను. పగుళ్ళను బయటపెట్టే తెల్లపొడి అది. గీత మరింత పొడుగ్గా లేచింది. పగులులోంచి లోపలి నూనె ఊరుతోంది; కుంకుమ అంటి ఎర్రగా కనబడిందది.

"సార్, ఇది ఎగరదు."

పైలట్ ముఖంలో నవ్వు పోయింది. "ఆ ఆడమనిషికి నువ్వే చెప్పు."

చెప్పాను. "మా ఆయన ప్రాణం కంటే పెద్దదా అన్నా, నీ గీత?" అంది పోలమ్మ.

మరో హెలికాప్టర్ దూరం నుంచి రావాలి. ఈలోగా ఊరివాళ్ళే పడవలేసుకుని వెళ్ళి ఇద్దరిని తెచ్చారు. పోలమ్మ భర్త దొరకలేదు.

వర్క్‌షాపులో గేర్‌బాక్స్ విప్పితే పగులు లోపల సగం దాకా పాకి ఉంది. ఎగిరి ఉంటే మేమూ తిరిగి వచ్చేవాళ్ళం కాదు. ఆ సంగతీ, హెలికాప్టర్ బాగా పాతదన్న సంగతీ చెప్పడానికి ఆమె ఇంటికి వెళ్ళాను.

"మీరన్నా మిగిలినారు, మంచిదేలే," అంది. "అంత ముసలిదాన్ని ఇంకా ఎందుకు తిప్పతా ఉండారు?" అని అడిగింది.

"కొత్త రకం తయారవతా ఉందమ్మా. పరీక్షల్లో ఏదో ఒక లోపం తేలతా ఉంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నేను ఉద్యోగంలో చేరకముందు నుంచి."



ఆ గీతను చూపించింది అమ్మవారేనని నేటికీ నమ్ముతాను. సత్సంగంలో చావు ప్రస్తావన వస్తే, అంతా దైవసంకల్పం అని చెప్పేవాణ్ణి. ఆమె గుమ్మంలోనూ ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. కొత్త హెలికాప్టర్ తేవడంలో మనుషులు చేసిన ఆలస్యాన్ని దేవుడి నెత్తిన వేయకూడదని అక్కడ తెలిసింది.