షకీలా మేడం ఇన్సులిన్ పాఠం

ఇన్సులిన్‌కు ఒక వాసన ఉంటుంది. అమ్మేవాళ్లకు అది తెలియదు, రోజూ పొడుచుకునేవాళ్లకే తెలుసు. దెబ్బ మీద అంటించే ప్లాస్టరు వాసనలా ఉంటుంది కానీ అంతకంటే కొంచెం ఘాటు. నేను గుణదలలో ఒక షుగరు ఆసుపత్రిలో పనిచేస్తాను. కొత్తగా రోగం బయటపడ్డవాళ్లకు సూది ఎలా వేసుకోవాలో, ఏం తినాలో చెప్పడం నా ఉద్యోగం. మొన్న ఒక నర్సు చేతిలోంచి సీసా జారి గచ్చు మీద భళ్లున పగిలింది. ఆ పిల్ల బెదిరిపోయి గాజుముక్కలు ఏరుతుంటే, సాయం పట్టాల్సిందాన్ని అలాగే నిలబడిపోయాను. గదినిండా ఆ వాసన. ఎప్పుడో చదువుకున్న కాలేజీ, బల్ల ముందు చేతిలో సిరంజీతో షకీలా మేడం, అన్నీ ఒక్కసారి కళ్లముందుకు వచ్చాయి.

మేడం మాకు డిగ్రీలో జీవశాస్త్రం చెప్పేవారు. విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీ. నేను కంకిపాడు అవతల పల్లె నుంచి బస్సులో వచ్చేదాన్ని. మా నాన్న చీరలు నేసేవాడు. మేడం క్లాసు సరిగ్గా మధ్యాహ్నం భోజనానికి ముందు. మొదటిరోజు ఆవిడ వచ్చారు, హాజరు పిలిచారు, సంచిలోంచి చిన్న సీసా తీశారు. సిరంజీలోకి మందు ఎక్కించి, కొంగు కాస్త పక్కకు జరిపి, మా అందరి ముందూ భుజం కింద టక్కున పొడుచుకున్నారు. వెనక బెంచీలో ఒకడు "అమ్మో" అన్నాడు. లెక్చరర్లంటే చాక్‌పీసు పట్టుకునేవాళ్లు, ఇదేం విడ్డూరం! ఆవిడ మాత్రం సూదికి మూతపెట్టి, "చిన్నప్పట్నుంచీ నాకు షుగరు. మీ అందరి ఒంట్లో ఈ మందు దానంతటదే తయారవుద్ది, నా ఒంట్లో అవదు. ఇది అచ్చంగా మనిషి ఇన్సులినే. కానీ మనిషి ఒంట్లోంచి తీసింది కాదు, బాక్టీరియా చేసిపెట్టింది. ఎలా చేసిందో చెప్పడానికే వచ్చాను" అన్నారు. బాక్టీరియా అంటే రోగమే అనుకునే వయసు మాది. నా మతి పోయింది. ఆ పూట అన్నం సహించలేదు.

ఆవిడ పాఠాలన్నీ ఇలా ఒక ఉలికిపాటుతో మొదలయ్యేవి. ఒకరోజు ల్యాబులో మాచేత ఉప్పునీళ్లు పుక్కిలించి గాజుగొట్టాల్లో ఉమ్మించారు. అందులో గిన్నెలు తోమే సబ్బునీళ్లు కొంచెం కలిపించారు. తర్వాత ఐసులో పెట్టిన స్పిరిట్‌ను గొట్టం అంచు వెంట నెమ్మదిగా వదలమన్నారు. చూస్తుండగానే ఆ రెండు నీళ్లు కలిసేచోట తెల్లటి పోగులు లేచాయి. నూలు పోగుల మధ్య పుట్టి పెరిగినదాన్ని, అయినా అలాంటి పోగును నేను చూడలేదు.

"అదే డీఎన్ఏ. నీదే" అన్నారు మేడం నా భుజం మీద చెయ్యివేసి.

"ఇంతేనా మేడం మనిషంటే?" అన్నాను. నా గొంతులో ఏడుపు ధ్వనించిందేమో, పక్కనున్నవాళ్లు నవ్వారు.

"అంత తేలిగ్గా తీసెయ్యకు పద్మా. మీ అమ్మ ముక్కూ, మీ నాన్న వేళ్లూ, నీ ఒంట్లో ఇన్సులిన్ ఎలా తయారవ్వాలన్నదీ అంతా అందులోనే రాసుంది."

రాసి ఉండటమంటే ఏమిటో నాకు ఎంతకీ ఎక్కలేదు. అక్షరాలు లేని రాత ఏం రాత? ఆలోచించగా ఆలోచించగా మా ఇంట్లో మగ్గం మీద వేలాడే అట్టలు గుర్తొచ్చాయి. జాకార్డు మగ్గానికి పైన చిల్లులు కొట్టిన అట్టలు దండలా కుట్టి ఉంటాయి. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. చీర అంచున మామిడి పిందె దిగాలన్నా, హంస దిగాలన్నా అంతా ఆ చిల్లుల్లోనే ఉంటుంది. ఆ మాట మేడంతో అంటే, ఆదివారం మా ఊరు వస్తానన్నారు. నిజంగానే వచ్చారు. బస్సు దిగి ఎర్రటి ఎండలో మా ఇంటికి నడిచొచ్చి, మంచినీళ్లన్నా తాగకుండా మగ్గం ముందు కూర్చున్నారు. మా నాన్న సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు.

"ఈ పిందెల అట్టలు విప్పి వేరే ఊళ్లో మగ్గానికి కుడితే ఏమవుద్దండీ?" అని అడిగారు మేడం.

"అక్కడా పిందెలే దిగుతయ్యండి. ఎవరి అట్టలో మగ్గానికేం తెలుసు? కుట్టింది కుట్టినట్టు నేసుకుంటా పోద్ది" అన్నాడు నాన్న.

మర్నాడు క్లాసులో జన్యు ఇంజనీరింగ్ అంతా ఆ ఒక్క ముక్కతో తేలిపోయింది. బాక్టీరియా ఒంట్లో ఉంగరంలాంటి చిన్న డీఎన్ఏ చుట్ట ఉంటుంది. దాన్ని ఒకచోట తెంపడానికి కత్తెరలా పనిచేసే ఎంజైము ఉంది. తెంపినచోట ఇన్సులిన్ జన్యువును పెడతారు, మరో ఎంజైము అతుకు వేస్తుంది. ఆ చుట్టను బాక్టీరియాలోకి తిరిగి పంపితే, అది తన పిల్లలతో సహా ఇన్సులిన్ తయారుచేస్తూ పోతుంది. ఆ రహస్యం తెలిసిన ఆనందం కన్నా నాకు గుబులే ఎక్కువ కలిగింది. ప్రాణమున్నదాని రాత మనిషి మార్చొచ్చా అని రాత్రి పక్కమీద దొర్లాను.

ఆ పాఠం మీద మేడం ఇంట్లోనే ఒక ప్రాణం ఆధారపడుతుందని అప్పుడు మాకెవరికీ తెలియదు. వాళ్ల నాన్నగారు హనీఫ్ సాహెబ్‌కు వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ దుకాణం ఉండేది. ఆయనకూ పెద్దతనంలో షుగరు వచ్చింది. కాలికి పుండు పడి, అది నల్లబడి, ఆసుపత్రిలో చేర్చారు. మాత్రలు ఇక పనిచెయ్యవు, వెంటనే ఇన్సులిన్ మొదలుపెట్టకపోతే కాలే కాదు మనిషీ దక్కడని డాక్టర్లు తేల్చి చెప్పారు. ఆయన మాత్రం వద్దంటే వద్దన్నారు. కూతురు రోజూ వేసుకునే మందు తండ్రి ఎందుకు వద్దంటున్నాడో మేడంకు అంతుబట్టలేదు. చూసిరావడానికి నేను వెళ్లిన రోజు ఆవిడ మంచం పక్కన నిలబడి బతిమాలుతున్నారు. ఆ ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు, నాన్నను అబ్బా అనీ కూతుర్ని బేటీ అనీ పిలుచుకుంటారు. బయటివాళ్లున్నప్పుడు తెలుగులోనే మాట్లాడటం సాహెబ్‌గారి మర్యాద. అంత జ్వరంలోనూ ఆ మర్యాద తప్పలేదు.

"అది పందిలోంచి తీసే మందు బేటీ. నాకొద్దు" అన్నారు.

"అబ్బా, అదెప్పుడో పాతకాలం మాట. అయినా నా చిన్నప్పుడు కూడా పంది మందు వాడలేదు కదా? గొడ్డు నుంచి తీసిందని మీరే చెప్పేవారు."

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

"అబద్ధం చెప్పానమ్మా. గొడ్డుది ఈ ఊళ్లో దొరకలేదు. దొరికింది పందిదే. షాపాయన చెప్పాడు, నాకు తెలుసు. తెలిసే రోజూ పొద్దున్నే నా చేత్తో నీకు పొడిచాను. ప్రాణం కోసమైతే తప్పులేదని మసీదులో పెద్దలు చెప్పారు. మీ అమ్మకు కూడా చెప్పలా. ఆ బరువేదో నా ఒక్కడి మీదే ఉండనీ అనుకున్నాను."

మేడం ముఖంలో నెత్తురుచుక్క లేదు. మా గుండెలదరగొట్టే మేడం అలా కొయ్యబారిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఒక తండ్రి తన నమ్మకాన్ని ఇలా రోజూ పొద్దున్నే పొడుచుకుని ఉంటాడని నేను ఊహించలేదు.

"ఇప్పటిది అట్లాంటిది కాదబ్బా, నిజం" అన్నారు మేడం చివరికి.

"అప్పుడు నేనూ ఇట్లాగే చెప్పాను నీకు. బిడ్డ బతకాలని నేనన్నాను, తండ్రి బతకాలని నువ్వంటున్నావు. నీకోసమంటే చేశాను. ఈ ముసలి ప్రాణానికి అంత అవసరమా?"

ఏం ధైర్యమొచ్చిందో నేను కల్పించుకున్నాను. "సాహెబ్‌గారూ, మీకు జాకార్డు అట్టలు తెలుసు కదండీ. ఇన్సులిన్ అట్టను బాక్టీరియాకు కుట్టారండి. అది నేసిపెడతంది. పందితో పనే లేదండి."

బట్టల మనిషి కదా, ఆయన కళ్లు నావైపు తిరిగాయి. "ఆ అట్ట ఎవరిది? పందిదేనా?"

"మనిషిది అబ్బా" అన్నారు మేడం. "అది కూడా ఏ మనిషి ఒంట్లోంచీ కోసుకురాలేదు. మనిషి నమూనా చూసి, కొత్తగా చిల్లులు కొట్టుకున్న అట్ట."

"ఆ బాక్టీరియా ఎక్కడుంటది?"

నేను గతుక్కుమన్నాను. జవాబు మాకు క్లాసులో చెప్పిందే. ఎక్కడో అడవుల్లో, సముద్రంలో ఉంటుందని చెప్పినా ఆయనకు తెలిసేది కాదు. ఒక్క చిన్న అబద్ధం, కాలూ ప్రాణమూ దక్కుతాయి. చెప్పెయ్యండి మేడం అని లోపల మొక్కుకున్నాను. ఆవిడ తండ్రి కళ్లలోకి చూశారు.

"మనిషి పేగుల్లో అబ్బా. మలంలో కూడా ఉంటుంది. ఆ జాతిదే. ఫ్యాక్టరీలో శుభ్రమైన తొట్లలో పెంచి, మందును వేరుచేసి వడకడతారు. కానీ దాని పుట్టిల్లు అదే."

"ఛీ ఛీ!" అన్నారాయన. ఇక అయిపోయింది, అంతా చేజేతులా చెడగొట్టుకున్నారని నాకు ఏడుపొచ్చింది. సాహెబ్‌గారు కళ్లు మూసుకున్నారు. కాసేపటికి ఆయన పొట్ట కదలడం చూసి ఎగశ్వాసేమోనని హడలిపోయాను. నవ్వుతున్నారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

"నన్ను ఒప్పించడానికే అయితే ఇంత రోత మాట చెప్పవు. నేను నీకెప్పుడూ తియ్యటి మాటే చెప్పాను, అది అబద్ధం. నీది నిజమే బేటీ. తీసుకురా."

మేడం సీసా తెచ్చారు. వేలసార్లు తనకు తాను పొడుచుకున్న మనిషికి ఆ రోజు కొలత తప్పి మందు రెండుసార్లు ఎక్కించాల్సి వచ్చింది. సూది చర్మానికి ఆనించబోతుంటే ఆయన ఆగమన్నట్టు చెయ్యెత్తారు.

"నీకు పొడిచినన్నాళ్లూ ముందు బిస్మిల్లా అనలేదమ్మా. అన్నం ముద్దకు అన్నాను, దుకాణం తలుపు తీస్తూ అన్నాను, దానికి మాత్రం నోరు రాలేదు. అల్లా పేరు తలచుకోకుండానే నిన్ను పొడిచేవాణ్ణి. దీనికి అనొచ్చా?"

"అనండబ్బా" అన్నారు మేడం. అని, ముఖం కొంగులో దాచుకుని బావురుమన్నారు.

సాహెబ్‌గారికి రెండు కాలివేళ్లు తీసేశారు, కాలు దక్కింది. ఆ తర్వాత చాలా ఏళ్లు దుకాణంలో కూర్చున్నారు. ఇప్పుడు ఆయనా లేరు, మేడమూ లేరు. నేను చేసే ఈ ఉద్యోగం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. పసిపిల్లకు షుగరని తెలిసి దిమ్మెరపోయిన తల్లిదండ్రులు నా ముందు కూర్చుంటారు. ఇది దేంతో చేస్తారని అడిగితే మొత్తం చెబుతాను, ఆ పేగుల సంగతితో సహా. పిల్లను బతికించుకోవడానికి వచ్చినవాళ్ల దగ్గర ఇవన్నీ ఎందుకని మా డాక్టర్లు విసుక్కుంటారు, అయినా మానను. అంతా విన్నాక సిరంజీ ఆ తండ్రి చేతికో తల్లి చేతికో ఇస్తాను. ఇచ్చి, తొందరపెట్టకుండా కాస్త పక్కకు తిరిగి నిలబడతాను. వాళ్ల పెదాలు కదిలి ఆగిన తర్వాతే "ఇప్పుడు వెయ్యండి" అంటాను.