ముందు నడిచే మనిషి

చలికాలం సాయంత్రాల్లో నాకొక పని ఉండేది. ఆయన పని నుంచి రాగానే బూట్ల లోపలి ఉన్ని తొడుగులు ఊడదీసి, వంటింటి నేలలో వేడిగాలి వచ్చే జాలీ మీద పరిచేదాన్ని. తెల్లారేసరికి పొడిపొడిగా ఉండేవి. ఇప్పుడు జాలీ మీద ఏమీ ఉండదు. వేడిగాలి తిన్నగా పైకొచ్చి నా నైటీ అంచు ఊపి పోతుంది.

మా ఆయన పేరు కోదండరామ్. కైకలూరు పక్క చేపల చెరువుల మీద పెరిగిన మనిషి. ఇక్కడ ఎడ్మంటన్‌లో పైపులకు వెల్డింగ్ చేసేవారు. మనిషి భారీగా ఉండేవారు, కానీ భయస్తుడు. మంచు కరగడానికి మెట్ల మీద ఉప్పు చల్లందే గడప దాటేవారు కాదు. అంత భయస్తుడూ గడ్డకట్టిన నీటి మీద నడవడం, కన్నం తొలిచి గాలం వెయ్యడం నేర్చుకున్నారంటే అది చేప మీద ఇష్టం. కొండల వైపు డ్యామ్ వెనకాల రిజర్వాయర్‌లో లేక్ ట్రౌట్ పడుతుంది. మన చేపలా ఉండదు, నూనె ఎక్కువ. కానీ మెంతిపొడి వేస్తే పులుసు బాగా కుదురుతుంది.

అక్కడి మంచును నమ్మకూడదని ఆయనే చెప్పారు. "కరెంటు కోసం చలికాలమంతా నీళ్ళు వదులుతూనే ఉంటారు శ్యామలా. నీళ్ళు దిగిపోతాయి, పైన మంచు అట్టే వేలాడుతుంది. ఒడ్డు దగ్గర కిందంతా డొల్ల. గునపంతో పొడిచి చూడకుండా అడుగు వెయ్యకూడదు."

గునపం ఆయనే కొనుక్కున్నారు. చెయ్యి జారకుండా పైకొనకు నా పాత చీర ముక్క చుట్టి ఇచ్చాను.

చేపలకి తీసుకెళ్ళేది ఆయన స్నేహితుడు రంగనాథ్. ట్రక్కు అతనిది, మంచు తొలిచే మిషనూ అతనిదే. చేపలు మాత్రం నా దగ్గరికి వచ్చేవి. ఆదివారం చేపలకి వెళ్ళినవాళ్ళందరూ మా ఇంట్లోనే తినేవారు.

"అన్న ఉంటే మాకు మంచు కొలిచే పని లేదు వదినగారూ," అనేవాడు రంగనాథ్, ముల్లు తీసి పక్కన పెడుతూ. "ముందు అన్నని నడిపిస్తాం. అన్న కింద ఆగిందంటే ఏనుగు కిందా ఆగుతుంది."

"ఏనుక్కి నీ అంత నోరుండదులేరా," అనేవారు ఈయన. అందరూ నవ్వేవారు. ఈయనా నవ్వేవారు.

నిరుడు ఫిబ్రవరిలో, ఒడ్డు దగ్గరే, ఈయన కింద మంచు విరిగింది. కింద డొల్ల. డొల్లలో వాలు, వాలు చివర నీళ్ళు. పోలీసులకు రంగనాథ్ ఒకటే మాట చెప్పాడు. గునపం లేకుండా వెళ్ళొద్దన్నాం, ఆయన వినలేదు.

ఆ మాటను మా ధాత్రి పట్టుకుంది. యూనివర్సిటీలో చదువుకుంటున్న పిల్ల. తండ్రి ఫొటోకి దండ వెయ్యనివ్వలేదు.

"హి వాజ్ కేర్‌లెస్, అమ్మా. హి డిడ్‌న్ట్ థింక్ ఆఫ్ అస్."

"మీ నాన్న గునపం లేకుండా అడుగెయ్యరే."

"దెన్ వై డిడ్ హి?"

పోయిన మనిషి మీద పిల్ల కోపం ఇంట్లో అలాగే ఉండిపోయింది.

ఈ చలికాలం రంగనాథ్ మళ్ళీ వచ్చాడు. సంచిలో రెండు చేపలు. వెంట అనంత్ అనే కొత్త మనిషి, అతనూ లావే. ధాత్రి ఇంటి లోపలి మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది.

"పులుసు మీ చేతిదే తినాలి వదినగారూ. అన్న ఆత్మ కూడా శాంతిస్తుంది."

అనంత్ నవ్వుతూ అన్నాడు. "నన్ను ముందు నడిపించాడండీ. గునపం అడిగితే ట్రక్కులో పడేసి తాళం వేశాడు. నీకెందుకు గునపం, నువ్వే గునపానివి అన్నాడు."

"మరి భయం పోవద్దూ?" అన్నాడు రంగనాథ్. "అన్నకీ అలాగే..."

అని ఆగిపోయాడు.

"అన్నకీ?" అన్నాను.

"సరదాకే వదినగారూ. మేమేమన్నా తోశామా?"

అనంత్ అతని వైపు తిరిగాడు. "వద్దన్నా ఆయనే గునపం లేకుండా వెళ్ళాడన్నావుగా?"

రంగనాథ్ బూట్లలో కాళ్ళు దూర్చాడు. లేసులు కట్టుకోలేదు. "ఆదివారం వస్తాం. కాస్త కారం ఎక్కువ వెయ్యండి," అని అనంత్‌ని తీసుకుని వెళ్ళిపోయాడు.

తలుపు వేసి వచ్చేసరికి ధాత్రి ఫోన్ ఒళ్ళో బోర్లా పెట్టుకుని ఉంది.

"నాన్న అడిగే ఉంటాడు అమ్మా," అంది తెలుగులో. "గునపం ఇవ్వమని అడిగే ఉంటాడు. వాళ్ళు నవ్వుంటారు."

నేను చేపల సంచి తీసుకెళ్ళి బయట మెట్టు మీద పెట్టాను.

ఆదివారం బెల్ మోగింది. తలుపు అవతల రంగనాథ్ గొంతు వినిపించింది. "ఇదేంటి, బయటే పెట్టేశారు? రాయిలా బిగిసిపోయింది. ఎంత కష్టపడి పట్టాం, తిండిని ఇలా పారేస్తారా?"

ధాత్రి ముందు గదిలో తండ్రి ఫొటో తుడుస్తోంది. నేను జాలీ మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. కత్తి బయటికి తియ్యలేదు. చింతపండు నానబెట్టలేదు.