గుమ్మంలో ఉమ్ములు

మా చిన్నప్పుడు... భీమిలిలో మా వీధిలో కామెర్లు మొదలయ్యాయి. ముందు వచ్చింది ఎదురింటి సత్యవతికి. పదేళ్ల పిల్ల. తర్వాతి కాలంలో నా భార్య.

ఆ ఇంటి ముందు నడిచేటప్పుడు ఎవరూ గుటక వేసేవారు కాదు. మింగితే రోగం లోపలికి పోతుందని నమ్మకం. నోట్లో ఊరింది ఊరినట్టే ఆ గుమ్మంలో ఉమ్మేసి వెళ్లేవారు... పెద్దలు, పిల్లలు, బడికి వెళ్లే మాస్టారు కూడా. గుమ్మం మరకలు కట్టేది. ఈగలు ముసిరేవి. వాళ్లమ్మ పొద్దున్నా సాయంత్రం పేడనీళ్లతో కడిగేది. ఆ తడి ఆరకముందే మళ్లీ...

ఒకరోజు ఆవిడ మా పెద్దమ్మను నిలదీసింది.

"ఏటప్పా, నా గుమ్మమే దొరికిందేటి?"

"మరి మింగీమంటావేటే? పిల్లలున్నదాన్ని!" అని పెద్దమ్మ ఇంకోసారి ఉమ్మింది.

సత్యవతి తిండి మానేసింది. పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఒక్క రిక్షా రాలేదు. తల్లే ఎత్తుకుని బస్టాండు దాకా నడిచింది. వీధంతా అరుగులెక్కి చూసింది. పచ్చటి కళ్లు కనబడితే బస్సెక్కనివ్వరని పిల్ల ముఖం మీద కొంగు కప్పిందట.

"పిల్లకేటైందమ్మా?" అన్నాడు కండక్టరు.

"నిద్దరోతంది బాబూ."

బతికింది. వాళ్లు పట్నంలోనే ఉండిపోయారు. కాలేజీలో మళ్లీ చూశాను.

మా వీధిలో మాత్రం ఇంటింటా కామెర్లు. కుళాయి గొట్టం మురిక్కాలవలో పగిలిందని తర్వాత తెలిసింది. ఆ నీళ్లు మాత్రం అందరూ మింగారు.

కరోనా రెండో విడత వచ్చినప్పుడు విశాఖలో అపార్ట్‌మెంటులో ఉన్నాం. సత్యవతికి ఊపిరి అందడం లేదు. కింద అంబులెన్సు. పక్క ఫ్లాటాయన తలుపు సందులోంచి, "సార్, ఏమీ అనుకోకండి... లిఫ్టు వద్దు. పిల్లలున్నారు" అన్నాడు.

నాలుగంతస్తులు. కూర్చోబెడుతూ, లేపుతూ దించాను. మధ్యలో ఆగినప్పుడు, "నయమే... మాస్కులెట్టుకున్నారు. ఉమ్మరు" అంది. నవ్వబోతే దగ్గొచ్చింది.

ఆసుపత్రి నుంచి నేనొక్కణ్ణే తిరిగొచ్చాను.

ఇప్పుడు మర్యాదలు పెరిగాయి... ఆ పక్క ఫ్లాటాయన రోజూ లిఫ్టు తలుపు పట్టుకుని "రండి సార్" అంటాడు. నేను మెట్లు దిగుతాను.

పాత వీధుల ఆప్యాయత గురించి చాలామంది రాస్తున్నారు. మీ వీధిలో రోగమొచ్చిన ఇల్లు ఏదైనా గుర్తుంటే... దాని గురించి కూడా రాయండి.