హీలియం షేరుకి నేను చేసిన బోణీ

“నీ బోణీ మీద బండపడ! నా బండిని గాల్లో కలిపేశావు కదే రత్నం!”

“గాలి కోసమేగా పెట్టావు వదినా, గాల్లోనే కలిసింది!”

మా వదిన సత్తెమ్మా నేనూ ఆడుకున్న ఆఖరి మాటలివి. అయ్యో పాపం, వదిన పోయింది కాబోలు అనుకునేరు. గుండ్రాయిలా ఉంది. రోజూ పొద్దున్నే నిడదవోలు చేపల బజార్లో నా పక్కనే, ఒకే టార్పాలిన్ నీడన, మూరెడు దూరంలో కూర్చుని చేపలు అమ్ముతుంది. నాతో మాట్లాడదు, అంతే. తొమ్మిది నెలలయింది. ఓ బిడ్డని మోసి కనేంత కాలం! తప్పెవరిదంటే నాదే. పుట్టి మునిగిందంటారే, ఆ పుట్టికి బెజ్జం నా చేత్తో నేనే పొడిచాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. అప్పటికి నేను ఇప్పటికన్నా తొమ్మిది నెలలు చిన్నదాన్ని, తొంభై ఏళ్ళు తెలివితక్కువదాన్ని.

నాకు సంతకం వచ్చు. బస్సు మీద ఊరి పేరు పోల్చుకోవడం వచ్చు. మిగతా చదువంతా మా కోడలు సుజాతది. నేను చెబుతుంటే ఇదీ తనే రాస్తోంది. తిట్లు తీసేసి రాస్తానంది. ఉప్పు తీసేసి పులుసు పెడతావా అని కసిరాను.

వదిన మా ఆయనకి అక్క. ఆయన పోయాక నన్ను మూల కూర్చోనివ్వకుండా, చెయ్యి పట్టుకుని బజారుకి లాక్కొచ్చి, తన పక్కన గోనెపట్టా పరిచి, కత్తిపీట ముందు కూలేసిన మనిషి. “ఏడవాలనుంటే ఏడు, చేప మాత్రం కొయ్యి,” అంది. అలాంటి మనిషి బండిని ముంచాను నేను.

మా బజారుకి హీలియం తెచ్చిన పెద్దమనిషి సూరిబాబు గారు. మన డెల్టాలో గ్యాసు బావులు తవ్వే రిగ్గుల మీద పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం వస్తే అరకేజీ రొయ్యలు కొని, అయిదు కేజీల కబుర్లు తూస్తారు.

“ఆస్ట్రేలియాలో చిన్న కంపెనీ ఒకటుందమ్మా. హీలియం కోసం బావి తవ్వబోతోంది,” అన్నారు ఓ ఆదివారం.

“అదేంటండి?” అన్నాను.

“గాలిలాంటిదే, మహా తేలిక. బెలూన్లలో నింపుతారు. ఆస్పత్రిలో స్కానింగు మిషన్లు చల్లబడటానికీ అదే కావాలి.”

“గాలి కోసం గొయ్యి తవ్వడమేంటండీ, గాలి పైనుండగా?” అంది వదిన.

“అదే దాని సొగసు సత్తెమ్మా. పైకొచ్చిందంటే ఎగిరిపోతుంది. భూమిలో ఉండగానే పట్టాలి.”

“అయితే కొర్రమీనే! బురదలో ఉండగానే పట్టాలి,” అని తేల్చేసింది వదిన.

ఆ కంపెనీ నాలుగు మైలురాళ్ళు దాటాలట. రిగ్గు రావాలి. గొయ్యి మొదలెట్టాలి. అనుకున్న లోతుకి దిగాలి. ఆఖర్న, గాలి ఏపాటి వస్తోందో కొలిచి చెప్పాలి. ఒక్కో రాయి దగ్గరపడే కొద్దీ షేరు ధర పెరుగుతుందట. రాయి దాటినందుకు కాదు, దాటుతుందన్న ఆశకే! ఇది మాకు చెప్పాలా? పడవ ఒడ్డుకి రాకుండానే ‘ఇవాళ శీలావతి చేపలు పడ్డాయిట’ అని బేరాలు మొదలెట్టే జాతి మాది. బావి లేదు గాలి లేదు, బెలూను పేరు సోమలింగం.

వదిన తన బండి కోసం దాచిందంతా పెట్టింది. ఐసుపెట్టె బిగించిన మూడు చక్రాల బండి కొనాలని ఆవిడ కోరిక. మోకాళ్ళు అరిగిపోయి, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు వేస్తే అయిదో అడుక్కి అమ్మా అంటోంది. నేనూ కాస్త కలిపాను. సుజాత పేరుమీద, సుజాత ఫోన్లో, ఇద్దరిదీ ఒకే కుప్ప.

“గాలి పడిందన్న కబురొచ్చేదాకా ముట్టుకోకండి,” అని వదిన మా ఇద్దరికీ వేలు చూపించి మరీ చెప్పింది.

రిగ్గు వచ్చినట్టు కంపెనీ ఫోటో పెట్టింది. వదిన ఫోనుని దూరంగా పట్టుకుని చూసి, “ఇంత మిషనుకి ఓ నిమ్మకాయైనా కట్టలేదేంటే!” అని బెంగపెట్టుకుంది. గొయ్యి మొదలైంది. లోతుకీ దిగింది. ఇక మిగిలింది ఆ ఆఖరి రాయి. షేరు కొన్నవాళ్ళంతా ఫోన్లో ఒకచోట చేరి రాసుకునే రాతలు సుజాత మాకు చదివి వినిపించేది.

“అత్తయ్యా, ఒకాయన రాశాడండి. కంపెనీ వాళ్ళు రెండ్రోజుల్నుంచి నోరు మెదపట్లేదు కాబట్టి గాలి పడిందనే అర్థంట.”

“ఇంకెవరేమన్నారు?”

“నోరు మెదపట్లేదు కాబట్టి పడలేదనిట.”

చేపలు కొనకుండా కంపు చూసేవాళ్ళు ఆస్ట్రేలియాలో కూడా ఉన్నారని అప్పుడే తెలిసింది నాకు.

ఇప్పుడు మా బజారు శాస్త్రం ఒకటి చెప్పాలి. పొద్దున్నే వచ్చిన మొదటి బేరం బోణీ. బోణీ మనిషిని ఉత్త చేతులతో పంపకూడదు. తక్కువకి అడిగినా కళ్ళకద్దుకుని ఇచ్చెయ్యాలి. పంపామా, ఆ రోజంతా మన తట్టమీద ఈగలే కూర్చుంటాయి. ఆస్ట్రేలియా వాళ్ళ షేర్ల బజారు తెరిచేదీ, మేము తట్టలు దింపేదీ ఒకటే వేళ. కొంప ముంచింది అదే.

ఆవేళ చినుకులు పడుతున్నాయి. వదిన ఐసు కోసం వెళ్ళింది. నేనూ సుజాతా కూర్చున్నాం. పిట్ట కూడా రాలేదు.

“అత్తయ్యా, మన షేర్లు కొంటామని ఎవరో ధర పెట్టారండి,” అంది సుజాత ఫోను చూస్తూ.

“నిన్నటికన్నా ఎక్కువా?”

“ఓ పిసరు తక్కువే.”

“మనకింకా బోణీ అవలేదు కదే?”

“చేపలకి అవలేదండి. ఇది షేరు కదా.”

“పొలుసులున్న బేరం ఒకటి, లేనిది ఒకటా? పొద్దున్నే మొదటి బేరం! మొహం మీద పొమ్మంటామా?”

“ఆయన ఆస్ట్రేలియాలో ఉన్నాడండి. మీ మొహం కనపడదు.”

“లక్ష్మీదేవికి కనపడుతుంది! ఇచ్చెయ్.”

“ఎన్నండి?”

“అడిగినన్ని. బోణీలో కోత పెట్టకూడదు.”

“చాలా అడుగుతున్నారండి. మనవన్నీ ఇచ్చినా చాలవు.”

“అయితే అన్నీ ఇచ్చెయ్.”

“పెద్దత్తయ్యవి కూడానా?”

ఇక్కడ, బాబూ, బుర్రున్న ఆడదైతే నోరు మూసుకునేది. నేను “వదిన మాత్రం బోణీ కాదంటుందేంటే?” అన్నాను. సుజాత నొక్కింది. బోణీ డబ్బు కళ్ళకద్దుకోవాలి కదా, డబ్బు చేతికి రాలేదు కాబట్టి ఫోన్నే అద్దుకున్నాను. అద్దం నిండా పొలుసులు.

బోణీ మహిమ చెప్పకూడదు గానీ, అరగంటలో మా ముందు జనం కట్ట తెగినట్టు వచ్చిపడ్డారు. బొచ్చెలు అయిపోయాయి, రొయ్యలు అయిపోయాయి. చూశావా అని సుజాత వైపు విర్రవీగి చూశాను. అప్పటికి వదిన ఐసుతో వచ్చింది. వెనకాలే సూరిబాబు గారు, చొక్కా గుండీలు పెట్టుకోకుండా పరిగెత్తుకొచ్చారు.

“పడింది! గాలి పడింది సత్తెమ్మా! ధర మూడింతలయింది!”

తొమ్మిదేళ్ళుగా వంగని వదిన మోకాళ్ళు వంగాయి. ఐసు అక్కడే వదిలేసి నాలుగడుగులు ఆడింది కూడా. “సుజాతా, ఇప్పుడమ్మెయ్యవే!” అంది.

సుజాత నా వైపు చూసింది. నేను తట్టలో మిగిలిన ఒక్క శీలావతి వైపు చూశాను. అది నోరు తెరుచుకుని నావైపే చూస్తోంది.

“అమ్మేశాం వదినా,” అన్నాను.

“అప్పుడేనా! ఎంత చురుకే మీరు! మూడింతలకేనా?”

“కాదు... బోణీకి.”

ఆ తర్వాతి మాటలు మీకు ముందే చెప్పాను.

అప్పట్నుంచీ మా మాటలన్నీ కొనేవాళ్ళ మీదుగా నడుస్తున్నాయి. “ఏవండీ, పక్కావిడ ఐసు కరిగి నా కాళ్ళ కిందకొస్తోందని కాస్త చెప్పండి.” “ఏవండీ, కాళ్ళు ఎత్తుకుని కూర్చోమని ఆవిడకి చెప్పండి.” పాపం జనం, పావుకేజీ చేపకొచ్చి రాయబారాలు మోస్తున్నారు. ఆవిడ డబ్బు సుజాత చేత పంపిస్తే పుచ్చుకుంది. మాట మాత్రం పంపలేదు.

రెండు నెలలు గడిచాయి. గాలి ఉంది గానీ నిలకడగా వస్తుందో లేదో తెలియాలంటే రెండో బావి తవ్వాలని కంపెనీ చెప్పింది. అంతే, ఎక్కిన ధర సూది గుచ్చిన బెలూనులా కూలి, నేను అమ్మిన ధర కన్నా కిందకి దిగిపోయింది. నాకు ఒళ్ళు తెలియలేదు. నా బోణీ వదిన సొమ్ము కాపాడింది! ఆ మాట మొహం మీద అనేద్దామని కొంగు బిగించి లేచాను. సూరిబాబు గారు పక్కకి పిలిచారు.

“గొప్పలు పోకు రత్నం. ఆ డబ్బు చేతికొచ్చిన మర్నాడే సత్తెమ్మ నా ఫోన్లో మళ్ళీ కొనిపించింది. ఆ మూడింతల ధరకే. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది.”

ముందు నవ్వొచ్చింది. కిసుక్కుమన్నాను కూడా. అంతలో వదిన తట్ట ఎత్తుకోబోయి, లేవలేక, ఓ చెయ్యి నేలకి ఆన్చింది. బిగించిన కొంగు వదిలేసి నా గోనెపట్టా మీద కూలబడ్డాను. అమ్మేముందు నేను అడిగి ఉంటే, ఆవిడ ఆ కోపంలో కొనేది కాదు.

అందుకని చేతిలో ఒక్క షేరు లేకపోయినా నేనిప్పుడు రోజూ సుజాత చేత ఆ రాతలు చదివించుకుంటున్నాను. రెండో బావికి రిగ్గు బయల్దేరిందని ఒకడు, టైరు పంక్చరైందని ఇంకొకడు. ఆ గోతిలో గాలి నిలిస్తే కొండెక్కి వ్రతం చేయిస్తానని అన్నవరం స్వామికి మొక్కుకున్నాను. నిలవకపోతే నా వాటా డబ్బు కదపకుండా అలాగే ఉంది. అది బండికి రెండు చక్రాలకి వస్తుంది. మూడోది సూరిబాబు గారు వెయ్యాలి, హీలియం అని ముందు నోరు జారింది ఆయనే కాబట్టి.

ఇక గోదారి తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను, రాసుకో సుజాతా, పెద్దక్షరాలతో. ఈదడం రాని సరుక్కి ఈ జన్మలో బోణీ చెయ్యను. వదిన సొమ్ము వదినని అడక్కుండా అమ్మను. అడిగినా, ఆవిడ మూడుసార్లు ఊఁ అంటే గానీ అమ్మను.

అయిందా? ఏదీ, ఓసారి మొదట్నుంచీ చదువు. గొణక్కు, గొంతెత్తి చదువు. వదిన ఇంటికీ మనింటికీ మధ్య ఉన్నది ఒక్క ఇటిక గోడే, అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఇందాకే ఆగిపోయింది.